ఎనిమిది ప్రొడ్యూసర్లు, నాలుగు కన్స్యూమర్లు: కోర్లు పెరిగేకొద్దీ క్యూ నెమ్మదిస్తోంది, ఏం చేయాలి?

#1 వరుసక్రమం
పనులు పంచే క్యూ ఒకటి. 16 కోర్ల ఎక్స్86 సర్వర్, ఒకే సాకెట్. 8 ప్రొడ్యూసర్ థ్రెడ్లు పాయింటర్లు వేస్తాయి, 4 కన్స్యూమర్లు తీసి పని చేస్తాయి. సి ప్లస్ ప్లస్ 20, జీసీసీ కంపైలర్. లోపల ఉన్నది స్టాండర్డ్ లైబ్రరీ డెక్ (రెండు చివరలా వేసి తీయగల వరుస), ఒక మ్యూటెక్స్ (ఒకసారి ఒక్క థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే లాక్), ఒక కండిషన్ వేరియబుల్ (పని వచ్చేదాకా థ్రెడ్‌ని పడుకోబెట్టేది), అంతే. మొత్తం నాలుగు థ్రెడ్లదాకా బాగానే ఉంది. ఆపైన థ్రెడ్లు పెంచితే సెకనుకు దాటే పనులు పెరగకపోగా తగ్గుతున్నాయి.

షరతులు: ఒక్కో ప్రొడ్యూసర్ పంపినవి అది పంపిన వరుసలోనే జరగాలి. వేర్వేరు ప్రొడ్యూసర్ల మధ్య వరుస అక్కర్లేదు. క్యూ నిండితే ప్రొడ్యూసర్ ఆగినా ఫర్వాలేదు. ఇదే కోడ్ తర్వాత ఆర్మ్ సర్వర్ల మీదా నడవాలి.

లాక్ తీసేసి మైకేల్-స్కాట్ క్యూ (లాక్ లేకుండా నడిచే పేరున్న క్యూ) రాయడం సరైన దారేనా?

#2 చేదబావి
లాక్‌ని తిట్టే ముందు ఏ క్యాష్ లైన్ (క్యాష్ ఒక్కసారిగా తెచ్చే మెమరీ ముక్క) కోర్ల మధ్య తిరుగుతోందో చూడండి. లైనక్స్‌లో దీనికి పెర్ఫ్ సి2సి అనే సాధనం ఉంది, కెర్నల్ 4.10 నుంచి. లోడు నడుస్తున్నప్పుడు కొన్ని సెకన్లు రికార్డ్ చేసి రిపోర్ట్ తీయండి. అందులో హిట్‌ఎం అనే వరస చూడాలి. ఒక కోర్ చదవబోయిన లైన్ వేరే కోర్ క్యాష్‌లో మార్చిన స్థితిలో దొరికిందని దానర్థం. ఆ పట్టికలో పైనున్న రెండు మూడు లైన్లలోనే మీ జబ్బు ఉంటుంది.

జరిగేది ఇది. 64 బైట్ల లైన్‌లో ఒక్క బైటు రాయాలన్నా కోర్‌కి ఆ లైన్ మొత్తం తన సొంతం కావాలి; మిగతా కోర్ల దగ్గరున్న కాపీలు చెల్లకుండా పోవాలి. ఒకే బావిలో పన్నెండు మంది ఒకే చేదతో నీళ్లు తోడినట్టు. మనుషుల్ని పెంచితే నీళ్లు పెరగవు, చేద చేతులు మారడానికే పొద్దు గడుస్తుంది.

మీ నిర్మాణంలో ఇంకో తిరకాసు. 64 బిట్ల ఎక్స్86 లైనక్స్‌లో మ్యూటెక్స్ 40 బైట్లు, జీసీసీ లైబ్రరీ డెక్ ఆబ్జెక్టు 80 బైట్లు. పక్కపక్కనే ప్రకటించి ఉంటే డెక్ మొదటి భాగం, లాక్ పదం (లాక్ స్థితి ఉండే మెమరీ చోటు) ఒకే లైన్‌లో పడే అవకాశం ఎక్కువ. అప్పుడు లాక్ పట్టుకున్నవాడు డెక్‌ని మారుస్తుంటే, లాక్ కోసం తలుపు కొట్టే ప్రతివాడూ అతని చేతిలోని లైన్‌ని లాగేస్తుంటాడు. పని జరగాల్సిన చోటే ఆగుతుంది.

#3 తాళంచెవి
చేదబావి గారితో ఏకీభవిస్తూ, కొత్త క్యూ రాయకముందే ఒక పావుగంట పని చెబుతాను.

కన్స్యూమర్ ఒక్కో పాయింటర్‌కి ఒక్కోసారి లాక్ తీసుకోవడం మానేయాలి. డెక్ బదులు వెక్టర్ (పెరిగే అర్రే) పెట్టండి. కన్స్యూమర్ దగ్గర ఖాళీ వెక్టర్ ఒకటి ఉంటుంది. లాక్ పట్టుకుని రెండింటినీ స్వాప్ చేసి వెంటనే వదిలేస్తుంది. లాక్ లోపల జరిగేది మూడు పాయింటర్ల మార్పిడి మాత్రమే. తర్వాత తన చేతిలోని గుంపునంతా లాక్ లేకుండా చూసుకుంటుంది. ఆ వెక్టర్‌ని ఖాళీ చేసి మళ్లీ వాడుకుంటుంది కాబట్టి మెమరీ కేటాయింపు కూడా కొన్ని రౌండ్ల తర్వాత ఆగిపోతుంది. ప్రొడ్యూసర్‌కి వీలైతే అది కూడా 16 లేదా 32 పనులు పోగేసి ఒకేసారి వేయాలి.

నోటిఫై పిలుపు (పడుకున్నవాడిని లేపేది) లాక్ వదిలాకే చేయండి. లేకపోతే నిద్ర లేచినవాడు లేచీ లేవగానే అదే లాక్ దగ్గర మళ్లీ ఆగుతాడు. పైగా వెక్టర్ ఖాళీ నుంచి నిండినప్పుడు మాత్రమే నోటిఫై చేస్తే చాలు, కాకపోతే ఆ ఉపాయం ఒకే కన్స్యూమర్ ఉన్నప్పుడే పనికొస్తుంది. నలుగురుంటే ఒకడు లేచి మిగతావాళ్లు పడుకునే ఉంటారు.

పోటీ లేని మ్యూటెక్స్‌లో సిస్టమ్ కాల్ ఉండదు. పట్టడానికి ఒక అటామిక్ (మధ్యలో ఎవరూ దూరలేని ఆదేశం), వదలడానికి ఒక అటామిక్. ఫ్యూటెక్స్ కాల్ (థ్రెడ్‌ని పడుకోబెట్టమని, లేపమని కెర్నల్‌ని అడిగేది) పడేది ఎవరైనా ఆగాల్సి వచ్చినప్పుడే. మ్యూటెక్స్ అంటేనే నిదానం అనుకోవడం పొరపాటు.

#4 బిట్లబాబు
మైకేల్-స్కాట్ క్యూ 1996 నాటిది, అందమైన అల్గారిదమ్, కానీ మీ అవసరానికి కాదు. అది లింక్డ్ లిస్ట్. ప్రతి పనికీ ఒక నోడ్ కేటాయించాలి, తీసినవాడు దాన్ని విడుదల చేయాలి. ఒక థ్రెడ్ కేటాయించి ఇంకో థ్రెడ్ విడుదల చేయడం మెమరీ అలొకేటర్లకు అస్సలు నచ్చని నమూనా. మీరు క్యూలో తీసేసిన పోటీ అలొకేటర్‌లో తేలుతుంది. దానికితోడు నోడ్‌ని ఎప్పుడు విడుదల చేయవచ్చో తేల్చడానికి ఇంకా ఎవరైనా దాన్ని చదువుతున్నారేమో చూసే పద్ధతులు, హజార్డ్ పాయింటర్లో ఎపోక్‌లో కావాలి.

క్యూకి హద్దు ఉన్నా ఫర్వాలేదన్నారు కదా. అయితే ద్మిత్రీ వ్యూకోవ్ రాసిన రింగ్ (చుట్టూ తిరిగి వాడే అర్రే) చూడండి. ఎంత చిన్నదో అంత గట్టిది.

నిర్మాణం: గడుల సంఖ్య 2 ఘాతాంకంలో, ఉదాహరణకు 1024. ప్రతి గడిలో రెండు ఉంటాయి: వరుస సంఖ్య, డేటా. మొదట i వ గడి వరుస సంఖ్య i. బయట రెండు లెక్కింపులు: వేసే స్థానం, తీసే స్థానం. రెండూ 0 నుంచి పెరుగుతూనే పోతాయి, వెనక్కి రావు. గడి కావాలంటే స్థానాన్ని 1023తో అండ్ చేస్తాం.

వేయడం: స్థానం చదవండి. ఆ గడి వరుస సంఖ్యను అక్వైర్‌తో (తర్వాతి పనులు ఈ చదువుకంటే ముందుకు జరగకుండా) చదవండి. వరుస సంఖ్యలోంచి స్థానాన్ని తీసివేసి, తేడాను సైన్ ఉన్న పూర్ణాంకంగా చూడండి. తేడా సున్నా అయితే గడి ఖాళీ, మనదే కావచ్చు: వేసే స్థానాన్ని ఒకటి పెంచే క్యాస్ (విలువ ఇంకా పాతదే అయితేనే మార్చే అటామిక్) ప్రయత్నించండి. గెలిస్తే డేటా రాసి, వరుస సంఖ్యను స్థానం + 1గా రిలీజ్‌తో (ముందటి పనులు ఈ రాత తర్వాతకు జరగకుండా) రాయండి. తేడా సున్నా కంటే తక్కువైతే క్యూ నిండింది. ఎక్కువైతే మరొకడు ముందే వెళ్లాడు, స్థానం మళ్లీ చదివి మొదటికి రండి.

తీయడం: అదే తంతు, కాకపోతే వరుస సంఖ్యను స్థానం + 1తో పోల్చాలి. గెలిచాక డేటా చదివి, వరుస సంఖ్యను స్థానం + 1024గా రిలీజ్‌తో రాయాలి. అంటే వచ్చే చుట్టులో ప్రొడ్యూసర్ ఎదురుచూసే అంకె అదే.

బ్యాంకు టోకెన్ల పద్ధతే ఇది. ఒక్కొక్కరూ టోకెన్ చింపుకుంటారు, ఆ తర్వాత ఎవరి కౌంటర్ దగ్గర వాళ్లుంటారు. అందరూ కొట్లాడేది టోకెన్ యంత్రం దగ్గర మాత్రమే. ప్రొడ్యూసర్లు ఒక యంత్రం దగ్గర, కన్స్యూమర్లు మరో యంత్రం దగ్గర.

#5 వరుసక్రమం
చాలా స్పష్టంగా ఉంది బిట్లబాబు గారూ. రెండు సందేహాలు. వరుస సంఖ్య 32 బిట్లు చాలా? పరీక్షల కోసం గడుల సంఖ్య 1 పెట్టవచ్చా?

#6 బిట్లబాబు
1 పెట్టకూడదు. మొదటి పని వేశాక ఆ ఏకైక గడి వరుస సంఖ్య 0 + 1 = 1. రెండో ప్రొడ్యూసర్ స్థానం కూడా 1. తేడా సున్నా, గడి ఖాళీ అనుకుని ఎవరూ తీయని డేటా మీద రాసేస్తుంది. "నిండింది" అనే స్థితికీ "వచ్చే చుట్టుకి ఖాళీ" అనే స్థితికీ ఒకే అంకె పడుతోంది. కనీసం 2 గడులు. కన్‌స్ట్రక్టర్‌లోనే అసర్ట్ పెట్టేయండి.

32 బిట్ల సంగతి: సెకనుకు కోటి పనులైతే 2 ఘాతం 32 దాటడానికి సుమారు 429 సెకన్లు, ఏడు నిమిషాలు. దాటడం తప్పు కాదు. తేడాను సైన్‌తో చూస్తున్నాం, గడుల సంఖ్య 2 ఘాతాంకం కాబట్టి చుట్టు సమంగా అతుకుతుంది. గడులు 1000 అని పెట్టి శేషం తీస్తే మాత్రం చుట్టు తిరిగినప్పుడు స్థానం ఒక గడి నుంచి ఎక్కడికో ఎగురుతుంది. ఇక ఏడు నిమిషాలు సరిగ్గా నిద్రపోయిన థ్రెడ్ లేచి పాత స్థానంతో క్యాస్ గెలవడం అనే దూరపు ప్రమాదం ఉంది. 64 బిట్లు వాడితే సెకనుకు వంద కోట్ల పనులైనా చుట్టు తిరగడానికి 580 ఏళ్లు దాటుతుంది. గడికి నాలుగు బైట్లు మిగుల్చుకుని ఏం చేస్తారు, 64 వాడండి.

#7 ముక్కుసూటి
దీన్ని లాక్-ఫ్రీ అని పిలవకండి, దయచేసి. క్యాస్ గెలిచి డేటా రాయకముందే ప్రొడ్యూసర్‌ని ఆపరేటింగ్ సిస్టమ్ పక్కకి తప్పిస్తే ఆ గడి దగ్గర కన్స్యూమర్లందరూ "ఖాళీ" అని వెనక్కి వెళతారు, వెనక గడులు నిండి ఉన్నా సరే. ఒక థ్రెడ్ ఆగితే మిగతా వ్యవస్థ ముందుకు సాగాలన్న హామీ ఇక్కడ లేదు. కోర్ల కంటే థ్రెడ్లు తక్కువగా ఉంటే ఇది అరుదు. కంటైనర్‌లో సీపీయూ కోటా కోసేస్తుంటే అరుదు కాదు.

రియల్ టైమ్ ప్రాధాన్యాల్లో మరీ ఘోరం. ఫైఫో షెడ్యూలింగ్‌లో (ఎక్కువ ప్రాధాన్యం ఉన్నది తనంతట ఆగేదాకా కోర్ వదలని పద్ధతి) ఎక్కువ ప్రాధాన్యం ఉన్న కన్స్యూమర్ అదే కోర్ మీద గిరగిరా తిరుగుతూ ఎదురుచూస్తే, గడి నింపాల్సిన తక్కువ ప్రాధాన్యపు ప్రొడ్యూసర్‌కి ఆ కోర్ ఇక దొరకదు. ఇద్దరూ అక్కడే.

#8 చేదబావి
అల్గారిదమ్ సరే, అమరిక తప్పితే అంతా వృథా. ఈ మూడూ వేర్వేరు లైన్లలో ఉండాలి: వేసే స్థానం, తీసే స్థానం, ఎప్పుడూ మారనివి అంటే బఫర్ పాయింటర్, మాస్క్ (ఆ 1023). మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. మారని మాస్క్ మారే స్థానం పక్కన కూర్చుంటే, దాన్ని చదవడానికి కూడా ప్రతిసారీ లైన్ తెప్పించుకోవాల్సిందే.

ఎంత దూరం? ఎక్స్86లో లైన్ 64 బైట్లు, కానీ ఇంటెల్ చిప్‌లలో పక్క లైన్‌ని కూడా జతగా తెచ్చే ప్రీఫెచర్ ఉంటుంది, అందుకే 128 పెట్టడం మేలు. ఆపిల్ ఎం1లో లైనే 128. సి ప్లస్ ప్లస్ 17లో దీనికొక స్థిరాంకం ఉంది గానీ కంపైలర్ ఫ్లాగులను బట్టి దాని విలువ మారవచ్చు, హెడర్‌లో వాడితే జీసీసీ హెచ్చరిస్తుంది. 128 అని చేత్తో రాసేయడమే సుఖం.

ఇప్పుడు గడులు. వరుస సంఖ్య 8, పాయింటర్ 8, మొత్తం 16 బైట్లు. ఒక లైన్‌లో నాలుగు గడులు. వరుసగా టోకెన్లు తీసుకున్న నలుగురు ప్రొడ్యూసర్లు ఒకే లైన్‌లో రాస్తారు. గడిని 64 బైట్లకు సాగదీస్తే 1024 గడులకు 16 కేబీ బదులు 64 కేబీ అవుతుంది, చాలా చిప్‌లలో ఎల్1 డేటా క్యాష్ 32 లేదా 48 కేబీ మాత్రమే, అంతా పట్టదు. ఇంకో దారి: సాగదీయకుండా సూచికను కలబోయడం. 10 బిట్ల సూచికలో కింది 8 బిట్లను లైన్ నంబరుగా, పై 2 బిట్లను లైన్ లోపలి చోటుగా వాడండి. పక్కపక్క టోకెన్లు వేర్వేరు లైన్లకు వెళతాయి, మెమరీ పెరగదు. కానీ ఒక్కడే వేసి ఒక్కడే తీసే క్యూలో ఇది చేయకండి, అక్కడ పక్కపక్కన ఉండటమే లాభం: ఒక లైన్ వస్తే నాలుగు పనులొస్తాయి.

#9 బలహీనక్రమం
ఆర్మ్ అన్నారు కాబట్టి. ఎక్స్86 రాతల వరుసను కాపాడుతుంది, చదువుల వరుసనూ కాపాడుతుంది. అది వదిలేసేది ఒక్కటే: ముందు రాసినది స్టోర్ బఫర్‌లో (రాతలు క్యాష్ చేరేముందు ఆగే చోటు) ఉండగానే తర్వాతి చదువు జరిగిపోవడం. ఆర్మ్ దాదాపు దేన్నీ కాపాడదు. అందుకే రిలీజ్ మరిచిన కోడ్ ఎక్స్86 మీద ఏళ్లు నడిచి ఆర్మ్ మీద మొదటి రోజే చెత్త పాయింటర్ ఇస్తుంది.

ఈ రింగ్‌లో స్థానాల మీది క్యాస్ రిలాక్స్‌డ్ (ఏ వరుసా కోరనిది) అయినా చాలు, ఎందుకంటే డేటా చేతులు మారేది వరుస సంఖ్య ద్వారా. ప్రొడ్యూసర్ రిలీజ్, కన్స్యూమర్ అక్వైర్: ఇది అందరూ రాస్తారు. తిరుగు దారి కూడా అంతే ముఖ్యం. కన్స్యూమర్ డేటా చదివాక వరుస సంఖ్యను రిలీజ్‌తో రాయకపోతే, తన చదువు పూర్తికాకముందే గడి ఖాళీ అని ప్రకటించినట్టవుతుంది, వచ్చే చుట్టు ప్రొడ్యూసర్ దాని మీద రాసేస్తుంది. ఒకే పని రెండుసార్లు జరిగి ఇంకోటి మాయమైందంటే మొదట ఇక్కడ చూడండి.

ఇంకోటి. ఆర్మ్‌వీ8.0లో క్యాస్ అంటే లోడ్-లింక్డ్, స్టోర్-కండిషనల్ జంట (చదివి, మధ్యలో ఎవరూ ముట్టకపోతేనే రాసే రెండు ఆదేశాలు), విలువ మారకపోయినా ఊరికే విఫలం కావచ్చు. లూప్‌లో ఉంది కాబట్టి బలహీన రకం క్యాస్ వాడండి. 8.1 నుంచి క్యాస్‌ని ఒకే ఆదేశంగా చేసే ఎల్‌ఎస్‌ఈ ఆదేశాలున్నాయి, కంపైలర్‌కి ఆ ఆర్కిటెక్చర్ చెబితే నేరుగా అవే వాడుతుంది.

వోలటైల్ అని ప్రకటించడం దీనికి మందు కాదు. జావాలో అవును, సి ప్లస్ ప్లస్‌లో కాదు.

#10 తాళంచెవి
క్యూ ఖాళీ అయితే కన్స్యూమర్ ఎలా పడుకుంటుందో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. కండిషన్ వేరియబుల్ పోయింది కదా.

సులువైన దారి సి ప్లస్ ప్లస్ 20 కౌంటింగ్ సెమాఫోర్, అంటే సున్నా అయితే ఆపే లెక్క. వేశాక ఒకటి పెంచు, తీసేముందు ఒకటి తగ్గించు. ఇక్కడో గొయ్యి ఉంది. మొదటి ప్రొడ్యూసర్ 0 వ గడి పట్టుకుని ఆగిపోయింది. రెండోది 1 వ గడి నింపి సెమాఫోర్ పెంచింది. కన్స్యూమర్ లేచి చూస్తే 0 వ గడి ఇంకా నిండలేదు, "ఖాళీ" అని జవాబొస్తుంది. అక్కడ వదిలేసి మళ్లీ సెమాఫోర్ దగ్గరికి వెళితే ఒక పని లెక్క తప్పి క్యూలోనే ఉండిపోతుంది. సెమాఫోర్ దాటాక పని చేతికి వచ్చేదాకా తిరిగి ప్రయత్నించాల్సిందే.

రెండో దారి ఈవెంట్ కౌంట్. కన్స్యూమర్: వేచివున్నవాళ్ల లెక్క పెంచు, పూర్తి ఫెన్స్ (చదువులు, రాతలు దాటలేని గోడ) వేయి, ఎపోక్ అంకె (లేపిన ప్రతిసారీ పెరిగేది) చదువు, క్యూ మళ్లీ చూడు, ఇంకా ఖాళీ అయితేనే ఆ ఎపోక్ మీద ఫ్యూటెక్స్‌లో పడుకో. ప్రొడ్యూసర్: పని వేయి, పూర్తి ఫెన్స్, వేచివున్నవాళ్లుంటేనే ఎపోక్ పెంచి లేపు. రెండు ఫెన్సులూ తప్పనిసరి, ఎక్స్86 మీద కూడా. బలహీనక్రమం గారు చెప్పిన ఆ ఒక్క మినహాయింపు ఇదే: నేను రాసి నువ్వు రాసింది చదవడం, నువ్వు రాసి నేను రాసింది చదవడం. ఫెన్స్ లేకపోతే ఇద్దరూ పాత విలువే చూడవచ్చు, అప్పుడు కన్స్యూమర్ పని ఉండగానే నిద్రపోతుంది.

#11 సున్నాఒకటి
క్యూలో వేసే పని ఆబ్జెక్టుల కోసం పూల్ పెడితే ఎలా? ట్రైబర్ స్టాక్‌తో (క్యాస్‌తో నడిచే, లాక్ లేని స్టాక్) ఫ్రీలిస్ట్ (ఖాళీ ఆబ్జెక్టుల జాబితా) అయితే పది లైన్ల కోడే కదా.

#12 బిట్లబాబు
పది లైన్లే, తొమ్మిదో లైన్‌లో ఏబీఏ చిక్కు (A పోయి B వచ్చి మళ్లీ A రావడం) ఉంటుంది. పైన A, దాని కింద B, దాని కింద C. మొదటి థ్రెడ్ "పైన A, తర్వాత B" అని చదివి ఆగింది. ఈలోగా రెండో థ్రెడ్ Aని తీసింది, Bని తీసింది, Aని తిరిగి పెట్టింది. మొదటిది లేచి క్యాస్ చేస్తే పైన A ఉంది కాబట్టి గెలుస్తుంది, పైభాగంగా Bని పెడుతుంది. కానీ B ఇప్పుడు రెండో థ్రెడ్ చేతిలో వాడుకలో ఉంది. ఒకే ఆబ్జెక్టు ఇద్దరికి.

పూల్ అర్రే కాబట్టి పాయింటర్లు వద్దు. 32 బిట్ల సూచిక, 32 బిట్ల ముద్ర కలిపి ఒక 64 బిట్ల పదం. పైభాగం మారిన ప్రతిసారీ ముద్ర ఒకటి పెంచండి. మామూలు క్యాస్ సరిపోతుంది, 16 బైట్ల క్యాస్ అక్కర్లేదు. పాయింటర్ పై 16 బిట్లలో ముద్ర దాచే పాత అలవాటు మానండి: 65,536 మార్పులకే చుట్టు తిరుగుతుంది, ఐదు అంచెల పేజీ పట్టికల్లో చిరునామా 57 బిట్లు కాబట్టి ఆ జాగా కూడా మనది కాదు.

ఇంకా మంచిది: ప్రతి థ్రెడ్‌కీ సొంత చిన్న నిల్వ, అది నిండినా ఖాళీ అయినా మాత్రమే ఉమ్మడి పూల్‌తో 32 చొప్పున మార్పిడి.

#13 ముక్కుసూటి
అందరం మొదటి పోస్టు సరిగ్గా చదవలేదు. "పంపిన వరుసలోనే జరగాలి" అన్నారు, "తీయాలి" అనలేదు. ఒకే ప్రొడ్యూసర్ నుంచి వచ్చిన 1వ పనిని ఒక కన్స్యూమర్, 2వ పనిని ఇంకో కన్స్యూమర్ తీస్తే రెండోది ముందు పూర్తి కావచ్చు. నలుగురు కన్స్యూమర్లు పంచుకునే ఏ క్యూ అయినా, మ్యూటెక్స్‌దైనా వ్యూకోవ్‌దైనా, ఈ షరతును తీర్చలేదు. ఇప్పుడున్న కోడ్‌లో కూడా ఆ తప్పు ఉంది, వేగం మాట తర్వాత.

ఒక ప్రొడ్యూసర్ పనులన్నీ ఒకే కన్స్యూమర్‌కి వెళ్లాలి. అలా అయితే క్యాసే అక్కర్లేదు. 8 ప్రొడ్యూసర్లకు 8 రింగులు, ఒక్కో కన్స్యూమర్‌కి రెండు. ప్రతి రింగులో ఒక్కడే వేస్తాడు, ఒక్కడే తీస్తాడు. ప్రొడ్యూసర్ లైన్‌లో టెయిల్ (వేసే స్థానం), దాని పక్కనే తనకు చివరిసారి తెలిసిన హెడ్ (తీసే స్థానం) కాపీ. కన్స్యూమర్ లైన్‌లో హెడ్, పక్కన టెయిల్ కాపీ. ప్రొడ్యూసర్ తన కాపీ ప్రకారం రింగ్ నిండినట్టు అనిపిస్తేనే అసలు హెడ్‌ని అక్వైర్‌తో చదువుతుంది. ఖాళీ ఉన్నంతసేపు ఎదుటివాడి లైన్ ముట్టుకోనే ముట్టుకోదు. డేటా రాసి టెయిల్‌ని రిలీజ్‌తో రాస్తే అయిపోయింది. ఎక్స్86లో ఆ రిలీజ్ మామూలు రాతే, ఆర్మ్‌లో ఒక ఎస్‌టీఎల్‌ఆర్ ఆదేశం.

నష్టం: ఒక ప్రొడ్యూసర్ మోత మోగిస్తుంటే దాని కన్స్యూమర్ మునిగిపోతుంది, పక్కవాడు ఖాళీగా కూర్చుంటాడు. అది మామూలుగా జరిగేదే అయితే రింగ్‌ని మొత్తంగా ఇంకో కన్స్యూమర్‌కి అప్పగించండి. పాత కన్స్యూమర్ చేతిలోని పని ముగిశాకే, హెడ్ పక్కన యజమాని నంబరును రిలీజ్‌తో మార్చి. పనుల్ని ఒక్కొక్కటిగా దొంగిలించకండి, వరుస మళ్లీ పోతుంది.

#14 చేదబావి
ముక్కుసూటి గారు పట్టుకున్నది నిజం. నా #8లో గడుల కలబోత ఇక అనవసరం.

కన్స్యూమర్ రెండు రింగుల్నీ ఒక్కో పని చొప్పున మార్చి మార్చి చూడకుండా, ఒకదాంట్లోంచి 32 దాకా తీసి రెండోదానికి వెళ్లనివ్వండి. హెడ్‌ని కూడా ఆ 32కి ఒకేసారి రాయవచ్చు, రింగ్ పెద్దగా ఉంటే. చిన్న రింగులో అలా ఆలస్యం చేస్తే ప్రొడ్యూసర్ అనవసరంగా ఆగుతుంది.

#15 బలహీనక్రమం
పరీక్ష గురించి. రింగ్ 2 గడులతో, స్థానాల ఆరంభం గరిష్ఠ విలువకు 3 తక్కువగా పెట్టి నడపండి. నిండటం, ఖాళీ కావడం, చుట్టు తిరగడం క్షణంలో వస్తాయి. ప్రతి పనిలో ప్రొడ్యూసర్ నంబరు, పెరిగే లెక్క పెట్టండి. కన్స్యూమర్ వైపు ఆ లెక్క సరిగ్గా ఒకటొకటిగా పెరగాలి. కోర్ల కంటే ఎక్కువ థ్రెడ్లతో కూడా నడపండి, అప్పుడే మధ్యలో ఆగిపోయే సందర్భాలు బయటపడతాయి.

థ్రెడ్ శానిటైజర్ (థ్రెడ్ల మధ్య తప్పులు పట్టే కంపైలర్ సాధనం) తప్పక వాడండి. అది మీరు రాసిన క్రమాన్ని బట్టి లెక్కగడుతుంది కాబట్టి రిలీజ్ మరిచిన తప్పును ఎక్స్86 మీద కూడా పట్టిస్తుంది. విడిగా నిలబడ్డ ఫెన్సులు మాత్రం దానికి అర్థం కావు, జీసీసీ ఆ విషయం హెచ్చరిస్తుంది కూడా. ఈవెంట్ కౌంట్ భాగంలో అబద్ధపు ఫిర్యాదులు వస్తే కంగారు పడకండి.

వేగం కొలిచేటప్పుడు థ్రెడ్లను కోర్లకు కట్టేయండి, వేయడానికి తీయడానికి మధ్య నిజమైన పనికి సమానమైన పని పెట్టండి. ఊరికే వేసి తీసే లూప్ ఎవరూ నడపని లోడును కొలుస్తుంది. సగటు ఒక్కటే చూడొద్దు, 99వ శాతాంశం (నూటికి 99 పనులు ఎంతలోపు ముగిశాయో) చూడండి.

#16 వరుసక్రమం
అందరికీ ధన్యవాదాలు. వరుస తప్పు ఇప్పటిదాకా కనపడలేదు గానీ ఉంది, ముక్కుసూటి గారు చెప్పాక లాగ్‌లో వెతికితే దొరికింది. 8 రింగులు, ఒక్కోటి 1024, కన్స్యూమర్‌కి ఒక ఈవెంట్ కౌంట్. చివరి ప్రశ్న: పడుకునే ముందు ఎన్నిసార్లు తిరిగి చూడాలి?

#17 తాళంచెవి
సార్ల లెక్క పెట్టకండి, సమయం లెక్క పెట్టండి. తిరిగే లూప్‌లో పెట్టే పాజ్ ఆదేశం పాత ఇంటెల్ కోర్లలో పది సైకిళ్ల చిల్లర, స్కైలేక్ నుంచి దాదాపు 140. 1000 సార్లు అని రాసిన లూప్ ఒక యంత్రం మీద మూడు మైక్రోసెకన్లు, ఇంకోదాని మీద నలభైకి పైన. ఫ్యూటెక్స్‌లో పడుకుని లేవడానికి మీ యంత్రం మీద ఎంత పడుతుందో కొలిచి, అంతసేపు తిరగండి, ఆపైన పడుకోండి. ఆర్మ్‌లో యీల్డ్ ఆదేశం చాలా కోర్ల మీద ఏమీ చేయదు, అక్కడ ఐఎస్‌బీ ఆదేశం వాడేవాళ్లున్నారు.